డెర్బీ బండికి సొంతంగా చేసుకునే పనిముట్లు: ఏవి చేసుకోవచ్చు, ఏవి కొనాల్సిందే, ఏది ఎక్కడ తెగుతుంది

కిరణ్_డేటన్
ఆగస్టులో ఇక్కడి కౌంటీ ఫెయిర్‌లో డెమాలిషన్ డెర్బీ, అంటే బండ్లతో ఒకదాన్నొకటి గుద్దుకునే పోటీ. బండి 1999 క్రౌన్ విక్టోరియా. అద్దాలు, సీట్లు, ప్లాస్టిక్ ఇంకా తీయలేదు. ఇంజిన్ బండిలోనే ఉంది. ముందు కుడివైపు ఫ్రేమ్ రైలు (బండి కింద పొడవునా ఉండే ఇనుప దూలం) పాత దెబ్బకి దాదాపు 2 అంగుళాలు ఇంజిన్ వైపుకి వంగి ఉంది. చేతిలో ఉన్న సామాను: 140 ఆంప్ వైర్‌ఫీడ్ వెల్డర్, నాలుగున్నర అంగుళాల గ్రైండర్, 2 టన్నుల ఫ్లోర్ జాక్, సాకెట్ సెట్టు, ఇంకా 20 టన్నుల బాటిల్ జాక్. స్క్రాప్ ఇనుము చవకగా దొరుకుతుంది. ఫ్రేమ్ లాగే సామాను, మిగతా పనిముట్లు సొంతంగా చేసుకోవాలంటే కొలతలతో సహా చెప్పగలరా?

సమ్మెటపోటు
కిరణ్ గారూ, మొదట మీ ఫెయిర్ రూల్స్ కాగితం దగ్గర పెట్టుకోండి. ఫ్రేమ్ మీద వెల్డింగ్ ఎక్కడెక్కడ ఒప్పుకుంటారో ఒక్కో ఫెయిర్‌ది ఒక్కో లెక్క. ఇది పనిముట్ల సంగతి కూడా. లాగడానికి పట్టు కావాలని రైలుకి ఒక ముక్క వెల్డ్ చేసి, పనయ్యాక కోసేసి గ్రైండ్ చేస్తే, తనిఖీలో ఆ మచ్చ చూసి బండిని వెనక్కి పంపొచ్చు. అందుకని రైలుకి వెల్డ్ చేసే పట్టు వద్దు, కరిచి పట్టుకునే క్లాంప్ చేసుకోండి.

క్లాంప్‌కి అర అంగుళం మందం, 3×5 అంగుళాల పట్టీలు రెండు చాలు. లోపలి ముఖాల మీద అడ్డంగా, దగ్గర దగ్గరగా వెల్డ్ గీతలు పోసి వాటిని పళ్ళలా గ్రైండ్ చేయండి. అర అంగుళం గ్రేడ్ 8 బోల్టులు రెండు, చైన్ కొక్కేనికి ఒక కన్ను. పళ్ళు లేని నున్నటి పట్టీని బోల్టు ఎంత బిగించినా లాభం లేదు, జారుతుంది. రంగు, తుప్పు, అండర్‌కోటింగ్ గీకకుండా బిగించినా జారుతుంది.

ఇంజిన్ ఎలాగూ దించేదే అయితే ముందు దించేయండి. అప్పుడు మీ వంపుకి పక్కనుంచి చైన్‌తో లాగే టవర్ కూడా అక్కర్లేదు. రెండు రైళ్ళ మధ్య జాక్ అడ్డంగా పెట్టి తోయొచ్చు. ఎడమ రైలు మీద 12 అంగుళాల ఛానల్ ముక్క, దాని వెనక చెక్క దిమ్మ పెట్టి, క్రాస్‌మెంబర్ (రెండు రైళ్ళని కలిపే అడ్డ దూలం) కలిసే చోటికి వీలైనంత దగ్గరగా ఆనించాలి. కుడి రైలు మీద ఎంత బలం పడుతుందో ఎడమ రైలు మీదా అంతే పడుతుంది. ఆనించిన చోటు మెత్తగా ఉంటే బాగున్న రైలే ముందు వంగుతుంది.

మిన్నెసోటా_మూర్తి
బాటిల్ జాక్ పడుకోబెట్టినప్పుడు పంపు ఉన్న వైపు కిందికి ఉండాలి. పంపు పైకి ఉంటే నూనె బదులు గాలి పీల్చుకుని రామ్ కదలదు. తలకిందులుగా అసలు పనిచేయదు. జాక్ పాడైందనుకుని పారేసేవాళ్ళలో చాలామందిది ఈ పొరపాటే.

బెజవాడ_ఆటోనగర్
లారీ ఛాసిస్‌లు తీసే పద్ధతి దీనికీ పనికొస్తుంది కాబట్టి చెబుతున్నా. లాగడం మొదలెట్టకముందే కొలవాలి. గాల్వనైజ్ కాని సన్న ఇనుప పైపులు రెండు ఒకదాంట్లో ఒకటి జారేలా తీసుకుని, చివర్లకి సూటి మేకులు వెల్డ్ చేస్తే కొలబద్ద తయారవుతుంది. ఒకే రకం రంధ్రాలు రెండు వైపులా వెతికి, ఎడమ ముందు నుంచి కుడి వెనక్కి, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి అడ్డకొలతలు తీయండి. తేడా ఎంతో సుద్దతో ఫ్రేమ్ మీదే రాయండి. కంటికి వంకరగా కనబడే చోటు ఒకటి, అసలు మడత పడిన చోటు ఒకటి కావడం మామూలే. రంగు పగిలిన గీత ఎక్కడుందో చూడండి, మడత అక్కడుంటుంది.

లాగి వదిలితే ఇనుము కొంత వెనక్కి వస్తుంది. అందుకని కొలతకి పావు, అర అంగుళం దాటించి ఆపి, బిగువు మీద ఉండగానే మడత చుట్టూ సమ్మెటతో తట్టాలి. కొట్టడం కాదు, తట్టడం. 4 పౌండ్ల సుత్తి చాలు. అలా తట్టకపోతే వదిలిన మరుక్షణం సగం వెనక్కి పోతుంది.

వేడి పెట్టాల్సి వస్తే నీడలో చూసినప్పుడు మసక ఎరుపు కనబడగానే ఆపేయండి. 650 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు. ఫలానా వేడికి కరిగే వేడి సుద్ద దొరుకుతుంది, దాంతో గీస్తే అంచనా అక్కర్లేదు. నీళ్ళు మాత్రం పోయొద్దు. తొందరగా చల్లారిన చోట ఇనుము పెళుసెక్కి, రింగులో మొదటి దెబ్బకి అక్కడే చీలుతుంది.

కిరణ్_డేటన్
ధన్యవాదాలు అన్నా. ఇంజిన్ దించే ఉద్దేశం ఇప్పుడు లేదు. అందుకే పక్కనుంచి లాగే టవర్ అడుగుతున్నా. 20 టన్నుల జాక్ ఉంది కదా, అది సరిపోతుందా?

సమ్మెటపోటు
సరిపోవడం కాదు, అది ఎక్కువైపోతుంది. మీరు అడిగినదాంట్లో అసలు ప్రమాదం ఇదే, కాబట్టి లెక్క మొత్తం రాస్తున్నా.

టవర్ అంటే ఇది: బండి కింద అడ్డంగా ఒక దూలం, దాని బయటి చివర కీలు మీద నిలబడ్డ చేయి, ఆ చేయిని బయటికి తోసే జాక్, చేయి నుంచి రైలుకి చైన్. కీలు నుంచి 12 అంగుళాల ఎత్తులో జాక్ తోస్తే, 24 అంగుళాల ఎత్తులో చైన్ మీద పడేది జాక్ బలంలో సగం. 20 టన్నుల జాక్ పూర్తిగా పంపు చేస్తే చైన్ మీద 10 టన్నులు, అంటే 20,000 పౌండ్లు.

ఇప్పుడు చైన్ సంగతి. లారీ లోడు కట్టే గ్రేడ్ 70 చైన్ మూడు ఎనిమిదో వంతు అంగుళానిది పని భారం 6,600 పౌండ్లు. అదే మందంలో గ్రేడ్ 30 అయితే 2,650 మాత్రమే. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కాబట్టి లింకు మీద గ్రేడ్ అంకె కనబడని చైన్ ఈ పనికి వాడొద్దు. 6,600కి లోబడాలంటే చైన్ మీద 3 టన్నులు, అంటే జాక్ 6 టన్నులది ఉండాలి. చిన్న జాక్ పెడితే చైన్ తెగేదాకా పంపు చేద్దామన్నా జాక్ లొంగదు. మీ రక్షణ అక్కడుంది. 20 టన్నుల జాక్‌ని జాగ్రత్తగా కొంచెమే పంపు చేస్తానంటే కుదరదు, దానికి గేజ్ ఉండదు.

3 టన్నులకి కదలకపోతే జాక్ పెంచకండి. బిగువు మీద తట్టండి, వేడి పెట్టండి, క్లాంప్‌ని మడతకి ఇంకొంచెం దూరంగా, రైలు కొసకి జరపండి. అప్పటికీ కాకపోతే అర అంగుళం గ్రేడ్ 80 చైన్ 12,000 పౌండ్లది కొని, 12 టన్నుల జాక్ పెట్టండి. ఆపైకి వెళ్ళొద్దు.

చేయికి 4×4 అంగుళాల, పావు అంగుళం మందం చదరపు పైపు. 3×3 చాలదు. 6,000 పౌండ్ల లాగుడుకి జాక్ ఆనే చోట 3×3 పైపు వంగే హద్దుకి దగ్గరవుతుంది, 4×4 అయితే ఆ ఒత్తిడి సగానికి దిగుతుంది. 12 టన్నుల జాక్‌కి 4×4లోనే మూడు ఎనిమిదో వంతు మందం తీసుకోండి. కీలుకి ఒక అంగుళం గుండ్రటి కడ్డీ, రెండు పక్కలా అర అంగుళం పట్టీలు. దూలానికి 4 అంగుళాల ఛానల్స్ రెండు వీపులు ఆనించి, 8 అడుగులు.

దూలం లోపలి కొసకి ఒక నిట్టాడు. మీ పనికి అది ఎడమ రైలు లోపలి ముఖానికి ఆనుతుంది, మధ్యలో పైన చెప్పిన ఛానల్ ముక్క. చైన్ ఎత్తు, నిట్టాడు ఆనే ఎత్తు ఒకటే ఉండాలి. చైన్ పైకి ఉంటే దూలం బయటి కొస నేల వదిలి లేస్తుంది. బండిని స్టాండ్ల మీద పెట్టి ఎత్తు సరిచేసుకోండి.

లోహవాణి
సమ్మెటపోటు గారి కొలతలు సరిగ్గా ఉన్నాయి, కానీ కిరణ్ దగ్గరున్న 140 ఆంప్ వెల్డర్‌తో ఆ కీలు పట్టీలు అతికించొద్దు. అర అంగుళం పట్టీకి అది పైపైన పేరుకుంటుంది తప్ప లోపలికి కరగదు. పూస అందంగానే కనబడుతుంది, అందుకే మోసం. ఆ మిషన్ని బండి రేకు పనికి ఉంచుకోండి. కీలు, నిట్టాడు, క్లాంప్ కన్ను స్టిక్ వెల్డర్‌తో, అంటే రాడ్ పెట్టి చేసే మిషన్‌తో, చేయించండి. 7018 రాడ్, ఎనిమిదో వంతు అంగుళం, 125 ఆంప్‌ల చుట్టూ. అంచులు ఏటవాలుగా గ్రైండ్ చేసి, రెండు మూడు వరసలు పోయాలి. పాత 7018 రాడ్లు తేమ పట్టి ఉంటే పూసలో చిల్లులు పడతాయి, కొత్త ప్యాకెట్ తెరవండి.

స్క్రాప్ ఎంచుకునేటప్పుడు గాల్వనైజ్డ్ పైపు వద్దు. వెల్డ్ చేసేటప్పుడు వచ్చే జింకు పొగతో జ్వరం, వణుకు వస్తాయి. పిడులకి సిమెంటు పనుల చువ్వలు వాడడం కూడా చూస్తుంటాం. వాటి ఇనుము ఒక్కోటి ఒక్కో రకం, వెల్డ్ పక్కనే పుటుక్కున విరుగుతాయి.

బెజవాడ_ఆటోనగర్
అక్క మాటకి ఇంకొకటి కలుపుతా. గునపం బదులు కమాను పట్టీలు వాడండి. పాత పికప్ కమాను కట్టలోంచి 3 అడుగుల పట్టీ ఒకటి తీసి ఒక కొసని ఉలిలా పదును పెడితే, టైరు మీద పడ్డ ఫెండర్ రేకుని ఎత్తడానికి అంత మంచిది ఇంకోటి లేదు. సన్నగా ఉంటుంది, వంగి మళ్ళీ నిలుస్తుంది. గ్రైండ్ చేసేటప్పుడు అంచు నీలం రంగుకి తిరగకుండా మధ్యమధ్యలో నీళ్ళలో ముంచండి. నీలం తిరిగితే పదును నిలవదు. దానికి మాత్రం పిడి వెల్డ్ చేయొద్దు. స్ప్రింగు ఉక్కులో కార్బన్ ఎక్కువ, వెల్డ్ పక్కన పగులుతుంది. పాత సైకిల్ ట్యూబు చుట్టండి చాలు.

కిరణ్_డేటన్
చైన్ పొట్టిగా ఉంటే రెండు ముక్కలు వెల్డ్ చేసి కలపొచ్చా?

మిన్నెసోటా_మూర్తి
వద్దు. గ్రేడ్ 70, 80 చైన్లు వేడి చికిత్స చేసినవి. ఒక్క లింకుకి వెల్డ్ అంటినా ఆ చికిత్స పోతుంది. గ్రేడ్ రాసి ఉన్న కలిపే లింకు కొనండి. చైన్‌కి ముడి వేయొద్దు, మెలి తిరిగి ఉండగా లాగొద్దు, పదునైన అంచు మీద ఆనించొద్దు. లాగేటప్పుడు చైన్ మీద పాత కంబళి కప్పి, చైన్ గీతకి పక్కగా నిలబడండి, ఎదురుగా వద్దు. కమ్‌అలాంగ్‌తో (చేత్తో లీవరు ఆడించి కేబుల్ లాగే పనిముట్టు) ఫ్రేమ్ లాగొద్దు, దాని కేబుల్ తెగితే కొరడాలా వెనక్కి వస్తుంది. రేకు పనికి, తలుపులు దగ్గరికి లాగడానికి అది బాగుంటుంది.

లోహవాణి
తీసివేత పనుల సంగతి. ముందు అద్దం పగలగొట్టకుండా తీయడానికి చవకైన పనిముట్టు: 3 అడుగుల అద్దం కోసే తీగ, రెండు కొసలకి చీపురు కర్ర ముక్కలు. జిగురులోకి ఒక సూదిలాంటి కడ్డీతో కంత చేసి తీగ దూర్చి, ఒకరు లోపల, ఒకరు బయట రంపంలా లాగాలి. ఎక్కువసేపు ఒకే చోట లాగితే తీగ వేడెక్కి తెగుతుంది, కాబట్టి పొడుగు లాగుళ్ళు, మధ్యలో సబ్బు నీళ్ళు. పగలగొడితే ఆ గాజు పొడి డ్యాష్ కింద, గాలి గొట్టాల్లో మిగిలి డ్రైవరు కళ్ళలోకి వస్తుంది.

దానికంటే ముందు ఎయిర్‌బ్యాగ్. బ్యాటరీ రెండు తీగలూ విప్పి, కొన్ని నిమిషాలు ఆగి, స్టీరింగ్ బ్యాగ్ తీసి, మెత్తటి ముఖం పైకి ఉండేలా పెట్టండి. ముఖం కిందికి పెడితే పేలినప్పుడు అది రాకెట్టే. ఏసీ గ్యాస్ గాలికి వదలడం అమెరికాలో చట్ట విరుద్ధం, లైసెన్సున్న వాళ్ళతో తీయించాలి.

పాత జీఎం (జనరల్ మోటార్స్) బండి బంపరు తెచ్చి బిగిస్తుంటే ఇంకో సంగతి. దాని వెనక దెబ్బ తట్టుకునే షాకుల్లో గ్యాస్, నూనె ఒత్తిడి మీద ఉంటాయి. కట్టర్ గానీ వెల్డర్ గానీ పెట్టకముందు ఎనిమిదో వంతు అంగుళం బిట్‌తో కంత చేసి ఒత్తిడి వదలండి. రంధ్రానికి ఎదురుగా ముఖం పెట్టకండి.

తీగలరాజు
తలుపులు, బంపర్లు కట్టే 9 నంబరు తీగ గురించి ఎవరూ రాయలేదు. మందం దాదాపు 3.8 మిల్లీమీటర్లు. నల్లగా, మెత్తగా కాల్చిన రకం తీసుకోండి. కంచెలకి వాడే గట్టి తీగ మెలి తిప్పితే తెగుతుంది.

మెలిక కడ్డీ ఇలా: ముప్పావు అంగుళం గుండ్రటి కడ్డీ 18 అంగుళాలు, ఒక కొస 3 అంగుళాల మేర సన్నగా గ్రైండ్ చేసి, కొద్దిగా పైకి వంచాలి. తీగని రెండు చుట్లు, అంటే నాలుగు పోగులు వేసి, కొసలు కలిపి ముడి తిప్పాక, చుట్ల మధ్యలోకి సన్నటి కొస దూర్చి తిప్పండి. మొదట్లో తేలిగ్గా తిరుగుతుంది, తరవాత బరువెక్కుతుంది. బరువెక్కాక ఇంకో సగం చుట్టు, అంతటితో ఆపాలి. తీగ మీద కొత్తగా మెరుపు గీతలు కనబడ్డాయంటే సాగుతోందని గుర్తు. ఒక పోగు తెగితే మొత్తం విప్పి మళ్ళీ కట్టండి. మిగిలిన మూడు పోగులూ అప్పటికే సాగి ఉంటాయి. ఎన్ని చోట్ల, ఎన్ని పోగులు అనేది రూల్స్‌లో ఉంటుంది, లెక్కపెట్టి మరీ చూస్తారు.

తీగ కదిలే చోట రేకు కంతలు చిరిగిపోతాయి. తీగ రేకుని కోసేయకుండా కంత దగ్గర పెద్ద వాషరు వేయండి, రూల్స్ ఒప్పుకుంటేనే.

కిరణ్_డేటన్
వెనక చక్రాలు రెండూ కలిసే తిరిగేలా డిఫరెన్షియల్ లాక్ చేయాలి. దాని లోపలి చిన్న గేర్లు, అదే స్పైడర్ గేర్లు, వెల్డ్ చేసేటప్పుడు పట్టుకునే స్టాండ్ లాంటిది ఏదైనా అవసరమా?

సమ్మెటపోటు
బండి కిందే పడుకుని చేసేవాళ్ళున్నారు, తలపైకి వెల్డింగ్ పూస బాగా కూర్చోదు. ఇరుసు దించి, 2×2 యాంగిల్‌తో రెండు వీ ఆకారం కాళ్ళు చేసి, నోరు పైకి ఉండేలా కూర్చోబెట్టండి.

మీ బండిది 8.8 అంగుళాల (రింగు గేరు వ్యాసం) ఇరుసు, లోపల ఇరుసు కడ్డీలు ఊడిరాకుండా పట్టే సి-క్లిప్పులు. ఇక్కడే చాలామంది చెడగొడతారు. మధ్యలోని పిన్‌కి వెల్డ్ అంటితే అది మళ్ళీ బయటికి రాదు. పిన్ రాకపోతే సి-క్లిప్ తీయలేరు, ఇరుసు కడ్డీ వంగితే మార్చలేరు. చిన్న గేర్లని పక్క గేర్లకి మాత్రమే కలపండి, పిన్ దారి, దాన్ని ఆపే చిన్న బోల్టు శుభ్రంగా ఉంచండి. అయ్యాక పిన్ లాగి చూసి, మళ్ళీ పెట్టి, అప్పుడే మూత వేయండి.

నూనె పూర్తిగా పోవాలి. కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, తరవాత టార్చితో నెమ్మదిగా వేడి చేస్తే సందుల్లోని నూనె పొగగా పోతుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన దాని మీద వెల్డింగ్ చేయొద్దు. దాంట్లోంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, కొద్దిగా పీల్చినా ఊపిరితిత్తులు పోతాయి. రింగు గేరు పళ్ళ మీద, బేరింగుల మీద తడిగుడ్డ కప్పితే చిటపటలు అంటవు. వెల్డర్ ఎర్త్ క్లాంపుని నేరుగా డిఫరెన్షియల్ కేసుకే పెట్టండి. ఇరుసు గొట్టానికి పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి గుంటలు పడతాయి.

మిన్నెసోటా_మూర్తి
రేడియేటర్ పరీక్షకి గేజ్ ఉన్న సైకిల్ పంపు చాలు. పాత ట్యూబు వాల్వు ఒకటి కోసి, రేడియేటర్ గొట్టం ముక్కకి బిగించి క్లాంప్ వేయండి, రెండో నోటికి చెక్క బిరడా. మూత తీసి నీళ్ళు అంచుదాకా నింపి మూత పెట్టాకే గాలి కొట్టాలి, 15 పీఎస్‌ఐ దాటొద్దు. ఉత్త గాలితో పరీక్షిస్తే బిరడా ఊడినప్పుడు తూటాలా వస్తుంది. పది నిమిషాల్లో ముల్లు దిగిందంటే ఎక్కడో కారుతోంది.

ఇంజిన్ ఎత్తే పట్టీ గురించి కూడా, ఎందుకంటే కార్బ్యురేటర్ నాలుగు బోల్టులకి పట్టీ బిగించి ఎత్తడం పాత ఇనుప ఇంజిన్ల అలవాటు. 4.6 లీటర్ల మీ ఇంజిన్‌కి పైన ప్లాస్టిక్ ఇన్‌టేక్. దాని మీద బరువు వేస్తే పగులుతుంది. ఎప్పుడైనా దించితే సిలిండర్ హెడ్ల కొసల్లోని బోల్టు రంధ్రాలకి యాంగిల్ ముక్కలు బిగించి, ఒకటి ముందు ఎడమ, ఒకటి వెనక కుడి, అలా మూలలకి చైన్ వేయండి.

లోహవాణి
ఫోర్డు బండి కాబట్టి: ట్రంకులో ఇనర్షియా స్విచ్ ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే ఫ్యూయల్ పంపుని ఆపేయడం దాని పని, డెర్బీలో అది మొదటి దెబ్బకే ఆపేస్తుంది. దాన్ని దాటించి తీగ కలిపితే, అధికారి చేతికి బయటినుంచి అందేలా ఇంజిన్ ఆపేసే కిల్ స్విచ్ తప్పకుండా పెట్టాలి. ఆ సర్క్యూట్ వెతకడానికి 12 వోల్టుల చిన్న బల్బు, రెండు తీగలు, ఒక సూది చాలు. వెల్డింగ్ ముందు బ్యాటరీ, ఇంజిన్ కంప్యూటర్ రెండూ విప్పడం మరవకండి.

తీగలరాజు
హీట్‌కీ హీట్‌కీ మధ్య, అంటే పోటీ రౌండ్ల మధ్య, మరమ్మతు సామానుకి ఒక వరస ఉంది. ముందు టైరు తిరగాలి, తరవాత స్టీరింగ్, తరవాత రేడియేటర్. మిగతావన్నీ టైం మిగిలితేనే. కమాను పట్టీ, రంపం, 4 పౌండ్ల సుత్తి పైన పెట్టండి.

టై రాడ్ (స్టీరింగ్‌ని ముందు చక్రానికి కలిపే కడ్డీ) వంగితే 4 అడుగుల పైపు ఒకటి. లోపలి వ్యాసం రాడ్ మీద జారేంత, మరీ వదులు కాకుండా. రాడ్ ఒక కొస విప్పి, పైపు తొడిగి, వంపు నడిమధ్యలో పైపు నోరు ఉండేలా చూసి వంచాలి. పైపు మరీ వదులైతే రాడ్ మీద ఇంకో వంపు పడుతుంది. సరిచేశాక ముందు టైర్ల మధ్య కొలత ముందు అంచు దగ్గర, వెనక అంచు దగ్గర టేపుతో పట్టి, పావు అంగుళం తేడాలోకి తేండి. అంతకంటే సన్నంగా సరిచేయడానికి ఆ గంటలో సమయం చాలదు.

కిరణ్_డేటన్
అర్థమైంది. 6 టన్నుల జాక్ కొంటున్నా, కీలు పని స్టిక్ మిషన్ ఉన్న చోట చేయిస్తా. చివరగా ఒకటి: చేయి మీద చైన్ జారకుండా గుంత ఎలా చేయాలి? పైపుకి రంధ్రం కోస్తే బలహీనపడుతుందా?

సమ్మెటపోటు
పడుతుంది, పైపుని కోయొద్దు. చేయి బయటి ముఖం మీద, అంటే బండికి అవతలి పక్క, అర అంగుళం పట్టీ ముక్కలు రెండు నిలువుగా వెల్డ్ చేయండి, మధ్యలో ఒక్క లింకు నిలబడేంత సందు. చైన్ పైపు పక్కనుంచి చుట్టి వచ్చి ఆ సందులో పడితే పక్క లింకు అడ్డంగా ఆగుతుంది. మూడు ఎనిమిదో వంతు చైన్‌కి సందు అర అంగుళానికి కొంచెం తక్కువ. ఎక్కువైతే లింకు పక్కకి ఒరిగి జారుతుంది. చైన్ మలుపు తిరిగే పైపు మూలల మీద గుండ్రంగా వంచిన పైపు ముక్క పెట్టి వెల్డ్ చేయండి, ఆ అంచు లింకుల్ని నొక్కకుండా.

మొదటిసారి బండికి కాకుండా చెట్టు మొదలుకి కట్టి బిగువు పెట్టి చూడండి. కీలు వెల్డ్‌ల మీద తెల్ల సుద్ద రాసి ఉంచితే పగులు వచ్చినప్పుడు నల్ల గీతగా కనబడుతుంది.